పిల్లగాడు పోయిండు, ఖర్చు పోలే!

2015 ఆగస్టు చివరి వారం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, చెస్టర్ పట్టణం. బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డయి. ఖజానాలో పైసలు లేవు. జీతాలు ఇయ్యలేమని అధికారులు చేతులెత్తేసిన్రు. టీచర్లు, సిబ్బంది ఒక్కచోట కూడిన్రు. సమ్మెకు దిగుతరని ఎవరైనా అనుకుంటరు. వాళ్లు చేసిన తీర్మానం వేరే. జీతం రాకున్నా సరే, బడి మాత్రం ఆగొద్దు! ఇది వాళ్లకు కొత్త కూడా కాదు. 2012 జనవరిలోనూ ఇట్లనే ఖజానా ఎండిపోతే ఇదే తీర్మానం చేసి తరగతులకు పోయిన్రు.

ప్రపంచానికే అప్పులిచ్చి బుద్ధులు చెప్పే దేశం అది. ఆ దేశంలో సర్కారు బడి టీచరు జీతం లేకుండ పనిచేస్తనని చెయ్యెత్తాల్సి వచ్చింది. ఎందుకు వచ్చింది? చెస్టర్ పేద పట్టణం, నిజమే. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. ఫ్యాక్టరీలు మూతపడ్డయి, పనులు పోయినయి, మిగిలిన జనంలో ఎక్కువమంది నల్లజాతి వాళ్లు. కాని పేదరికం ఒక్కటే కారణమైతే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు. ఆ పేద ఊరి బడుల కోసం పెట్టిన డబ్బులోంచి పెద్ద వాటా ఆ బడుల నుంచే బయటికి పోయింది. అది పోయిన తొవ్వ పేరు చార్టర్ స్కూలు.

నిధుల మళ్లింపు అంటే ఏందో మనకు ఒకరు నేర్పాల్సిన అవసరం లేదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం కాగితం మీద ఉండంగనే తెలంగాణ మిగులు నిధులు ఎటు పోయినయని అడిగినోళ్లం మనం. 1969లో కొట్లాడితేనే లెక్కలు బయటికి వచ్చినయి. కుమార్ లలిత్ ఒక లెక్క తేల్చిండు, భార్గవ కమిటీ ఇంకో లెక్క తేల్చింది. అంకెలు వేరైనా మిగులు ఉన్నదన్న మాట ఇద్దరి లెక్కలోనూ తేలింది. అందుకే చెస్టర్ కథ మనకు చప్పున సమజైతది. మన పాలకులు, వాళ్లకు సలహాలిచ్చే పెద్దలు ఇదే మందును కొత్త సీసాలో పోసి మనకు తాపాలని చూస్తరు కాబట్టి, సీసా తెరవక ముందే లోపల ఏమున్నదో తెలుసుకోవాలె.

చార్టర్ అంటే ఏంది?

అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టు అంటే మన జిల్లా కాదు. ఒక పట్టణానికో, కొన్ని ఊర్లకు కలిపో బడుల కోసమే ఏర్పడ్డ స్థానిక ప్రభుత్వం. చాలాచోట్ల దానికి జనం ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు ఉంటది. ఇండ్ల మీద, జాగల మీద వేసే ఆస్తి పన్ను దానికి ప్రాణం. రాష్ట్రం కొంత ఇస్తది. ఢిల్లీ లెక్క వాషింగ్టన్ నుంచి వచ్చేది సుమారు పదో వంతు మాత్రమే. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలను అడిగి చూడండి. ఇల్లు కొనే ముందు అది ఏ స్కూల్ డిస్ట్రిక్టులో ఉన్నదని చూస్తరు. ఆస్తుల ధరలు పెరిగిన తావున బడికి బలం, ఆస్తుల్లేని వాడలో బడికి కటకట. అసమానత అక్కడ్నే మొదలైతది.

చార్టర్ స్కూలుకు డబ్బు సర్కారుది, పెత్తనం ప్రైవేటు బోర్డుది. పిల్లల దగ్గర ఫీజు తీసుకోదు. సర్కారు బడికి ఉండే చాలా నిబంధనలు దానికి ఉండవు. విచిత్రం ఏమంటే, ఈ ఆలోచనను 1988లో దేశమంతా ప్రచారం చేసింది టీచర్ల సంఘం నాయకుడే. ఆల్బర్ట్ షాంకర్ ఆయన పేరు. టీచర్లే చిన్న బడులు పెట్టుకొని కొత్త పద్ధతులు పరీక్షించాలె, అందులో నేర్చుకున్నది మిగతా సర్కారు బడులకు పంచాలె అన్నది ఆయన మాట. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. 1992లో మొదటి చార్టర్ బడి తెరుచుకున్నది. ఆ తర్వాత పంపకం పక్కకు పోయి పోటీ ముందుకొచ్చింది. టీచర్ల జాగాలో మేనేజ్‌మెంటు కంపెనీలు వచ్చినయి. కొద్ది ఏండ్లకే షాంకర్ తానే దాన్ని విమర్శించాల్సి వచ్చింది. విత్తనం మంచిదే, పొలం మాత్రం వేరేటోళ్లు పట్టా చేసుకున్నరు!

వాళ్ల నినాదం, మన లెక్క

చార్టర్ వాళ్ల నినాదం ఒక్కటే: పైసలు పిల్లగాని వెంట పోవాలె. వినడానికి ఎంత ధర్మంగా ఉన్నది! పిల్లగాడు ఈ బడి విడిచి ఆ బడికి పోతే, వాని పేరు మీద పెట్టే ఖర్చు కూడా ఆ బడికే పోవాలె గదా? దీంట్ల తప్పేమున్నది?

తప్పు లెక్కలో ఉన్నది. ఒక బడిలో 300 మంది పిల్లలు, 10 గదులు, గదికి 30 మంది అనుకుందాం. పక్కన చార్టర్ బడి వచ్చింది. గదికి ముగ్గురి చొప్పున 30 మంది పోయిన్రు. పదో వంతు పిల్లలు పోయిన్రు కాబట్టి పదో వంతు పైసలు పోయినయి. మరి ఖర్చు ఎంత తగ్గింది? 27 మంది ఉన్న గదికి టీచరు వద్దా? బస్సు అదే తొవ్వ తిరగాలె, డ్రైవరుకు అదే జీతం. కప్పు కురిస్తే పదో వంతు తక్కువ కురవదు. హెడ్మాస్టరును పదో వంతు కోసి ఇంటికి పంపలేం. రిటైరైన సార్ల పింఛన్లు పదో వంతు ఆపలేం. ముప్పై మందీ ఒకే గది నుంచి లేచిపోతే ఆ గది మూసి ఒక టీచరును తగ్గించొచ్చు. పిల్లలు అట్ల వరుసగా లేచిపోరు. ఈ వాడ నుంచి ఇద్దరు, ఆ వాడ నుంచి నలుగురు, చిల్లరచిల్లరగా పోతరు.

పిల్లగాడు పోయిండు. పైసలు పోయినయి. ఖర్చు మాత్రం బడిలోనే కూర్చున్నది. కదలని ఆ ఖర్చును భరించేది ఎవరు? పోకుండ మిగిలిన 270 మంది పిల్లలు! వాళ్ల లైబ్రరీ మూతపడుతది. వాళ్ల సంగీతం సారు పోతడు. వాళ్ల నర్సు వారానికి రెండు రోజులే వస్తది. ఇది చూసి ఇంకో ముప్పై మంది తల్లిదండ్రులు పిల్లలను తీసుకపోతరు. మళ్ల పైసలు పోతయి. సర్కారు బడి పనికిరాదని ముందు చెప్పినోళ్లు, ఇప్పుడు చూసిన్రా మేం చెప్పలేదా అంటరు.

ఇంకో సంగతి. సర్కారు బడి ఎవరినీ కాదనలేదు. ఏడాది నడుమ వచ్చినా చేర్చుకోవాలె. ఒహైయో రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే అతిపెద్ద చార్టర్ స్కూలు, ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో, 2018 జనవరిలో విద్యా సంవత్సరం నడుమ మూతపడ్డది. పిల్లల హాజరుకు సరైన లెక్క చూపలేదని సుమారు 8 కోట్ల డాలర్లు వాపసు కట్టాలని రాష్ట్రం అడిగితే అది దివాలా తీసింది. దాంట్ల ఉన్న సుమారు 12 వేల మంది పిల్లలు ఎక్కడికి పోవాలె? దగ్గర్లో ఏ దర్వాజ తెరిచి ఉన్నదో ఆ దర్వాజకే రావాలె. అది సర్కారు బడి దర్వాజ. వాళ్ల కోసం టీచరును, గదిని సిద్ధంగా ఉంచాలె. సిద్ధంగా ఉంచే ఖర్చు మాత్రం ఎవరి ఖాతాలోనూ రాయరు.

ఇది టీచర్ల సంఘాలు కట్టిన కథ అంటరేమో. 2013 అక్టోబరులో మూడీస్ సంస్థ ఈ మాటే చెప్పింది. ఆర్థికంగా బలహీనమైన పట్టణాల్లో చార్టర్ స్కూళ్లు పెరిగితే అక్కడి స్కూల్ డిస్ట్రిక్టుల పరపతికి దెబ్బ అని హెచ్చరించింది. మూడీస్ ఎర్రజెండా సంస్థ కాదు. అప్పిచ్చే షావుకార్లకు సలహా చెప్పే సంస్థ. షావుకారికి కనబడ్డ లెక్క పాలకునికి కనబడదా?

చెస్టర్‌ను ముంచిన సూత్రం

పెన్సిల్వేనియాలో 1997లో చార్టర్ చట్టం వచ్చింది. అక్కడ చార్టర్ బడికి చెల్లించేది రాష్ట్రం కాదు, డిస్ట్రిక్టే తన బడ్జెట్ నుంచి లెక్కగట్టి ఇయ్యాలె. ఆ భారంలో కొంత రాష్ట్రం తిరిగి ఇచ్చేది. 2011లో ఆ పద్దును రాష్ట్రం ఎత్తేసింది. చట్టం చేసింది వాళ్లు, బిల్లు కట్టేది వీళ్లు! హైదరాబాద్ ఆదాయం మీద ఎవరెవరు తీర్మానాలు చేసిన్రో గుర్తున్నోళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

దాన్ని మించింది ప్రత్యేక అవసరాల పిల్లల లెక్క. వైకల్యం ఉన్న పిల్లలందరూ ఒక్కటి కాదు. మాట తడబడే పిల్లకు వారానికి కొన్ని గంటల శిక్షణ చాలు. నడవలేని, మాట్లాడలేని పిల్లగానికి రోజంతా పక్కన మనిషి కావాలె. మొదటిదానికి ఖర్చు తక్కువ, రెండోదానికి బాగా ఎక్కువ. కాని చార్టర్‌కు చెల్లించేటప్పుడు ఈ తేడా చూడకుండ డిస్ట్రిక్టు సగటు ఖర్చు మీద ఒకటే రేటు కట్టిన్రు. 2015 నాటికి చెస్టర్ అప్‌లాండ్ డిస్ట్రిక్టు ఒక్కో ప్రత్యేక అవసరాల పిల్లగానికి చార్టర్లకు ఏడాదికి సుమారు 40 వేల డాలర్లు కట్టింది. తేలిక అవసరాలున్న పిల్లలు చార్టర్లకు ఎక్కువగా పోతే, బరువైన అవసరాలున్న పిల్లలు సర్కారు బడిలోనే మిగులుతరు. బరువైనోళ్లే మిగిలితే సగటు ఖర్చు పెరుగుతది. సగటు పెరిగితే చార్టర్‌కు కట్టే రేటు కూడా పెరుగుతది. అంటే, కష్టమైన పని ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువ జరిమానా!

2015లో గవర్నర్ టామ్ వుల్ఫ్ ఆ రేటు తగ్గించాలని కోర్టుకు పోయిండు. ఆగస్టులో జడ్జి కాదన్నడు. ఆ తర్వాతనే టీచర్లు జీతం లేకుండ పనిచేస్తమని చెయ్యెత్తిన్రు. తర్వాత చార్టర్లతో ఒప్పందం చేసుకొని రేటు కొంత తగ్గించిన్రు. ఈ చెస్టర్ అప్‌లాండ్ ఏ ఊరనుకున్నరు? మార్టిన్ లూథర్ కింగ్ యువకునిగా వేదాంత విద్య చదువుకొని 1951లో పట్టా తీసుకున్న కాలేజీ ఉన్న తావు అది. సమాన హక్కు అడిగిన మనిషి చదివిన ఊరిలో సమాన బడి అడిగే గతి లేకపాయె.

అదే రాష్ట్రంలో ఆన్‌లైన్ చార్టర్ల సంగతి చూడండి. వాటికి బడి కట్టడం లేదు, బస్సు లేదు, అన్నం వండే ఇల్లు లేదు. అయినా కట్టడమున్న చార్టర్‌తో సమానంగా డబ్బు పోయింది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ఆడిటర్ జనరల్ అయిదు ఆన్‌లైన్ చార్టర్ల లెక్కలు బయటపెట్టిండు. 2020 నుంచి 2023 నడుమ వాటి దగ్గర మిగులు నిల్వలు 144 శాతం పెరిగినయి. చట్టం ఒప్పుకున్నట్లే పెరిగినయని, చట్టంలో ఉన్న సూత్రమే పాతబడ్డదని ఆయనే చెప్పిండు. ఒక దిక్కు జీతాలకు దిక్కులేని బడి, ఇంకో దిక్కు దాచుకోవడానికి జాగ చాలని బడి. రెండింటి డబ్బూ అదే ఆస్తి పన్ను కట్టిన జనానిదే.

ఓక్లాండ్‌లో 5 కోట్ల 73 లక్షలు

కాలిఫోర్నియాకు పోదాం. ఓక్లాండ్ ఓడరేవు పట్టణం. అక్కడ సుమారు మూడో వంతు పిల్లలు చార్టర్లకు మళ్లిన్రు. 2018 మేలో ఓరెగాన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ లేఫర్ మూడు డిస్ట్రిక్టుల పద్దులు ముందటేసుకొని లెక్క తేల్చిండు. చార్టర్లకు పోయిన పిల్లల వెంట ఎంత ఆదాయం పోయింది, దానికి బదులు ఎంత ఖర్చు నిజంగా తగ్గింది, నడుమ గుంత ఎంత? ఓక్లాండ్‌కు ఏడాదికి 5 కోట్ల 73 లక్షల డాలర్లు. శాన్ డియాగోకు 6 కోట్ల 59 లక్షలు. శాన్ హోసేలోని ఈస్ట్ సైడ్ డిస్ట్రిక్టుకు 1 కోటి 93 లక్షలు. ఓక్లాండ్‌లో సర్కారు బడిలో మిగిలిన ప్రతి పిల్లగాని నెత్తిన పడ్డ లోటు ఏడాదికి 1,500 డాలర్లు.

ఇంత గుంత పడుతుంటే కొత్త చార్టర్‌కు అనుమతి ఇయ్యమని డిస్ట్రిక్టు బోర్డు అనొచ్చు గదా? అనే హక్కు లేదు! మా ఖజానా దెబ్బతింటదన్న కారణంతో దరఖాస్తు తోసిపుచ్చడానికి కాలిఫోర్నియా చట్టం 2019 దాకా ఒప్పుకోలేదు. ఇల్లు నీదే, తాళంచెవి మాత్రం నీ దగ్గర ఉండొద్దన్నట్టు. జనం ఓట్లేసి ఎన్నుకున్న బోర్డుకు జనం డబ్బు మీద మాట లేకపోతే దాన్ని ఏమంటరు? మనం దాన్ని వలస పాలన అన్నం.

2022 ఫిబ్రవరిలో ఓక్లాండ్ బోర్డు బడులు మూసెయ్యాలె, విలీనం చెయ్యాలె అని ఓటేసింది. దెబ్బ ఎక్కువగా పడేది నల్లజాతి, లాటినో పేదల వాడల మీదనే. ఇద్దరు బడి సిబ్బంది రెండు వారాలకు పైగా నిరాహార దీక్ష చేసిన్రు. ఒక బడిని తల్లిదండ్రులు ఆక్రమించి తామే నడిపిన్రు. 2023 జనవరిలో కొత్త బోర్డు వచ్చి అయిదు బడుల మూసివేతను రద్దు చేసింది. ఓక్లాండ్ కష్టాలన్నీ చార్టర్ల వల్లనే అని మేం అనం. 2003లోనే ఆ డిస్ట్రిక్టు అప్పుల్లో మునిగి రాష్ట్రం చేతిలోకి పోయింది, 10 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్నది. బోర్డుల తప్పులున్నయి, పిల్లల సంఖ్య పడిపోవుడున్నది. కాని మునిగే పడవకు ఇంకో చిల్లు పెట్టి, పడవ ముందే పాతది అంటే ఒప్పుకుంటమా?

వాళ్ల జవాబులు

చార్టర్లలో పిల్లలు బాగా చదువుతున్నరు అంటరు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన క్రెడో సంస్థ 2023 నివేదిక ప్రకారం చార్టర్ పిల్లలు చదువులో 16 రోజుల, లెక్కల్లో 6 రోజుల పాఠానికి సమానమైనంత ముందున్నరు. కాదనం. అదే నివేదికలో ఆన్‌లైన్ చార్టర్ పిల్లలు చదువులో 58 రోజులు, లెక్కల్లో 124 రోజులు వెనకబడ్డరు. ఆ పేజీ గురించి మాత్రం ఎవరూ ఉపన్యాసం ఇయ్యరు. ముందున్న పిల్లలను చూసి మాకు సంతోషమే. మా ప్రశ్న వాళ్ల మీద కాదు. మిగిలిన పిల్లల బిల్లు ఎవరు కట్టాలె అన్నదే మా ప్రశ్న.

పేద తల్లులే ఇష్టపడి చేర్పిస్తున్నరు అంటరు. ఇదీ నిజమే. పెచ్చులూడే బడి నుంచి బిడ్డను తీసి బాగున్న బడిలో వేసిన తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఒక తల్లి తన బిడ్డ కోసం చేసేది ధర్మం. సర్కారు అందరి బిడ్డల కోసం చేయాల్సింది వేరే ధర్మం. ఆ తల్లి ముందట రెండు మంచి బడులు పెట్టి ఎంచుకో అంటే అది స్వేచ్ఛ. ఒకదాన్ని ఎండబెట్టి ఎంచుకో అంటే అది బలవంతం. నల్లజాతి జనం హక్కుల కోసం శతాబ్దంగా కొట్లాడుతున్న ఎన్‌ఏఏసీపీ సంస్థనే 2016 అక్టోబరులో చార్టర్ల విస్తరణ ఆపాలని తీర్మానించింది. పేదల పేరు చెప్పుకునేటోళ్లు పేదల సంఘం మాట ఎందుకు వినరు?

కొట్లాడితేనే

2016 నవంబరులో మసాచుసెట్స్‌లో చార్టర్ల సంఖ్య మీద ఉన్న పరిమితి పెంచాలా అని జనాన్నే అడిగిన్రు. 62 శాతం వద్దన్నరు. పెంచాలని కోట్లు కుమ్మరించిన ఒక సంస్థకు, దాతల పేర్లు దాచినందుకు 2017లో 4 లక్షల 26 వేల డాలర్ల జరిమానా పడ్డది. 2019 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో 30 వేల మందికి పైగా టీచర్లు సమ్మె చేసిన్రు. వెనువెంటనే ఓక్లాండ్ టీచర్లు. చార్టర్ల పెరుగుదల కూడా వాళ్ల డిమాండ్లలో ఒకటి. అదే ఏడాది అక్టోబరులో గవర్నర్ సంతకంతో చట్టం మారింది. డిస్ట్రిక్టు ఖజానాపై పడే దెబ్బను లెక్కలోకి తీసుకునే హక్కు బోర్డులకు వచ్చింది.

వెస్ట్ వర్జీనియా కథ ఇంకా దగ్గరిది. 2019 ఫిబ్రవరిలో చార్టర్ బిల్లు వస్తుందని టీచర్లు సమ్మెకు దిగిన్రు. మొదటి రోజే సభ బిల్లును పక్కన పెట్టింది. గెలిచిన్రు, సంబురాలు చేసుకున్నరు, బడులకు పోయిన్రు. జూన్‌లో ప్రత్యేక సమావేశం పెట్టి చార్టర్ చట్టం పాస్ చేసిన్రు! 2009 డిసెంబర్ 9 రాత్రి పటాకులు కాల్చి, డిసెంబర్ 23న మళ్ల రోడ్డెక్కినోళ్లం మనం. గెలుపు ప్రకటన వేరు, గెలుపు వేరు అని మనకు తెలుసు.

మన ఇంటి సంగతి

మన దగ్గర చార్టర్ అనే బోర్డు లేదు. కాని ఆ ఆలోచన ఎప్పుడో వచ్చింది. పదకొండో పంచవర్ష ప్రణాళికలో 6,000 మోడల్ స్కూళ్లు అనుకున్నప్పుడు 2,500 ప్రైవేటు భాగస్వామ్యంతో అన్నరు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. పేద పిల్లలు ఇంజినీరింగు చదివిన్రు, అది చిన్న సంగతి కాదు. కాని సర్కారు డబ్బు మీద ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచినయి, సర్కారు కాలేజీలు లెక్చరర్లు లేక కళ తప్పినయి. బకాయిలు పడితే పిల్లల సర్టిఫికెట్లు తాకట్టు.

ఇంకొక పథకం పేరు వినండి: బెస్ట్ అవైలబుల్ స్కూల్స్. ఎస్సీ, ఎస్టీ పిల్లలను ప్రైవేటు బడిలో చేర్పించి ఫీజు సర్కారు కడుతది. దొరికే బడుల్లో మంచిది ప్రైవేటుది అని సర్కారే బోర్డు కట్టినట్టు! మరి తన బడి ఏంది? ఆ పథకం బకాయిలు రాక, పిల్లలను బడికి రానియ్యకపోతే తల్లిదండ్రులు రోడ్డెక్కింది 2025లోనే చూసినం. ఆ పిల్లల సీటు పోవాలని మేం అడుగుతలేం. వాళ్ల బకాయి రేపే కట్టాలె. అదే వాడలో సర్కారు బడిలో మిగిలిన వాళ్ల తమ్ముని, చెల్లెని లెక్క కూడా అడుగుతున్నం.

అందుకే మా డిమాండ్లు సూటిగా ఉన్నయి. సర్కారు పైసా ప్రైవేటు బడికి పోయే ప్రతి పథకానికి ముందు, చుట్టుపక్కల సర్కారు బడుల మీద పడే భారం లెక్కగట్టి ప్రజల ముందట పెట్టాలె. సర్కారు డబ్బు తీసుకునే ప్రతి యాజమాన్యం పద్దు పుస్తకం ఊరి ముందట తెరవాలె. పిల్లలు పోయినా పోని ఖర్చుకు సర్కారు బడికి అదనపు నిధి ఇయ్యాలె. పిల్లలు తగ్గిన్రని బడి మూసే ముందు, తగ్గడానికి కారణమైన పద్దును మూసే ధైర్యం చెయ్యాలె.

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. నిధుల మాట ఖజానా హైదరాబాద్‌లో ఉంటే తీరిపోలేదు. ఆ ఖజానా నుంచి పైసా ఎటు పోతున్నదో అడిగే గొంతు ఉంటేనే తీరుతది. చెస్టర్ టీచర్లు జీతం లేకుండ బడి తెరిచిన్రు. మన టీచర్లకు, మన పిల్లలకు ఆ రోజు రాకుండ చూసుకునే బాధ్యత రాష్ట్రం తెచ్చిన వాళ్లదే. లెక్క అడుగుదాం. చెప్పేదాకా అడుగుదాం. మన నిధులు మన బడులకే!